సముద్రం రోడ్డుకు రెండు సీట్లు

శనివారం

బండి వచ్చేసింది! ఈ ముక్క రాసి, పెన్ను కింద పెట్టి, మళ్ళీ షెడ్డులోకి వెళ్ళి చూసి వచ్చాను. అక్కడే ఉంది. ఎక్కడికీ పోలేదు.

రెండే సీట్లు. పైన గుడ్డ టాపు. వెనక్కి మడిచేస్తే ఇక ఆకాశమే కప్పు. ముక్కు పొడుగు, నడుము సన్నం. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే దానిలోకి ఎక్కడం అనకూడదు, దిగడం అనాలి. పక్క వీధి పళ్ళ డాక్టరు గారు కుర్రతనంలో ముచ్చటపడి కొనుక్కున్నారట. ఇప్పుడు ఆయన నడుము వంగదు, బండి పైకి లేవదు. అందుకని ఇద్దరూ మర్యాదగా విడిపోయారు. ఎంతకిచ్చారో ఇక్కడ రాయను. మా ఆవిడకు చదువు వచ్చు.

నా బతుకంతా బస్సు స్టీరింగు ముందే గడిచింది. మా ఆవిడ నా బస్సు ఎప్పుడెక్కినా వెనక సీట్లలో, ఒళ్ళో సంచీతో కూర్చునేది. అద్దంలో నాకు కనపడేది ఆవిడ పాపిడి ఒక్కటే. సముద్రం పక్కన లైట్‌హౌస్ దాకా పోయే రోడ్డుందే, ఆ రోడ్డు మీదికి బస్సు తిప్పినప్పుడల్లా అనుకునేవాణ్ణి, ఈవిడ ఒక్కసారి నా పక్కన కూర్చుంటే, ఇద్దరం మాట్లాడుకుంటూ పోతే ఎంత బాగుంటుందని. బస్సులో డ్రైవరు పక్కన సీటుండదు. ఈ బండిలో ఉన్నదే డ్రైవరు సీటు, దాని పక్క సీటు. ఇంకేం కావాలి! టాపు దించి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లైట్‌హౌస్ దాకా వెళ్ళాలి. దానికే కొన్నాను. అచ్చంగా దానికే.

ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది.

"వెనక సీటేదండీ?"

"లేదు."

"మరి కూరల సంచీ?"

"నీ ఒళ్ళో."

"ఆ భాగ్యం బస్సులోనూ ఉండేదిగా," అని లోపలికి వెళ్ళిపోయింది. లోలోపల సంతోషించిందనే నా నమ్మకం.

ఆదివారం

పిల్లలొచ్చారు, బండి చూడటానికి! మామూలుగా ఒకరొస్తే ఇంకొకరికి కుదరదు. ఈ రోజు అందరూ ఒకేసారి. ఇదంతా బండి మహిమ.

అబ్బాయి ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాడు. ఏ వస్తువు కంటపడ్డా అది విరిగాక ఎలా ఉంటుందో వాడికి ముందు కనపడుతుంది. అమ్మాయి ఎముకల ఆసుపత్రిలో పడిపోయినవాళ్ళకు మళ్ళీ నడక నేర్పుతుంది. అల్లుడు గారు రసాయనాల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. మా ఇంటికి వచ్చినా హెల్మెట్టు చంకలో పెట్టుకునే వస్తారు, ఎప్పుడు ఏది నెత్తిన పడుతుందో తెలియదని.

ముగ్గురూ బండి చుట్టూ తిరిగారు. "చాలా బాగుంది నాన్నా," అన్నారు, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి మాట్లాడే గొంతుతో. అంత కదిలిపోయారన్నమాట! తర్వాత పెరట్లోకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. "నువ్వు చెప్పు" అని ఒకరు, "నేనెందుకు, నువ్వే చెప్పు" అని ఒకరు. "మీరు పెద్దవారు, మీరు చెబితే బాగుంటుంది" అని అల్లుడు గారు. నాకేదో బహుమతి ఇవ్వబోతూ ముందెవరు నోరు విప్పాలా అని సిగ్గుపడుతున్నారు పాపం.

అనుకున్నట్టే అయింది. లోపలికి వచ్చి అబ్బాయి అన్నాడు. "నాన్నా, దీన్ని బాగు చేయించే పని మాది. ఎవరికి తోచింది వాళ్ళం చేయిస్తాం. పూర్తయ్యేదాకా నువ్వు రోడ్డెక్కకు."

నా కళ్ళు చెమర్చాయి. పని పూర్తయ్యేదాకా స్టీరింగు ముట్టుకోనని మాట కూడా ఇచ్చేశాను. మొదటిసారి నడిపేది ఎలాగూ ఆవిడతోనే. ఏ తండ్రికి దక్కుతారు ఇలాంటి పిల్లలు!

సోమవారం

పేపరువాళ్ళు అక్షరాలు మరీ పలచగా అచ్చేస్తున్నారు. సిరా పొదుపు కాబోలు.

బుధవారం

వీధి చివర మెకానిక్కు వచ్చాడు. ఎవరేం చెప్పినా 'సరే' తప్ప ఇంకో మాట రాదు కాబట్టి అందరూ అతన్ని సరేబాబు అంటారు. కాదనే అలవాటు లేని మనిషి. ఇలాంటివాణ్ణి పట్టుకుంటే పని చకచకా సాగుతుంది.

"కార్బురేటరు విప్పి కడగాలి సరేబాబూ."

"సరే బాబాయ్."

"బ్రేకులు కొత్తవి. టైర్లు కొత్తవి. వైర్లు ఎలకలు కొరికినట్టున్నాయి, అన్నీ మార్చు."

"సరే."

"గుడ్డ టాపు చిరిగింది. మందం గుడ్డతో కొత్తది కుట్టించు. సైలెన్సరు మాత్రం ముట్టుకోకు. దాని గొంతు నాకు నచ్చింది."

"సరే సరే."

రంగుల కార్డు తెచ్చి చూపించాడు. నాకు మొదటినుంచీ నెమ్మదైన రంగులంటే ఇష్టం. వానకు ముందు ఉండే మబ్బు రంగు ఒకటి కనపడింది, హుందాగా ఉంది. దాని మీద వేలు పెట్టాను.

"ఇదా?" అంది మా ఆవిడ.

"ఇదే."

"మళ్ళీ ఓసారి చూసుకోండి."

"చూశాలేవే."

ఆవిడ సరేబాబు వంక చూసింది. సరేబాబు 'సరే' అన్నాడు.

శుక్రవారం

లైట్‌హౌస్ సంగతి ఆవిడకు చెప్పేశాను. దాచుకోలేకపోయాను.

"ఈ వయసులో జుట్టు ఎగరేసుకుంటూ ఊరేగాలా?" అంది. కానీ గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది. నేను విన్నాను.

సోమవారం

ఇంజను పలికింది! అబ్బ, ఆ గొంతు! ముందు గొంతు సవరించుకుని, తర్వాత ఒక్కసారి ఎత్తుకుంది. ఎదురింటావిడ కిటికీ మూసేసింది. సంగీతం అందరికీ పట్టుబడదు.

మంగళవారం

సాయంత్రం హెడ్‌లైట్లు వేసి చూస్తే మిణుగురు పురుగుల్లా ఉన్నాయి. గోడ కూడా సరిగా కనపడలేదు. పళ్ళ డాక్టరు గారు ఇన్నేళ్ళు వీటితో ఎలా నెట్టుకొచ్చారో! పెద్దవి వేయమన్నాను. సరే అన్నాడు.

గురువారం

పెద్దవి వేశాడు. ఇవీ అంతంతమాత్రమే. కంపెనీలవాళ్ళు అట్టపెట్టె మీద ఒక మాట రాస్తారు, లోపల ఇంకో బల్బు పెడతారు. బంపరు మీద ఇంకో వరస బిగించమన్నాను.

శనివారం

రెండో వరస. పరవాలేదు. ఎదురింటావిడ నల్ల తెరలు కట్టించుకుందని మా ఆవిడ చెప్పింది. మంచిదే, ఆ ఇంటికి తెరలు లేని లోటు ఎప్పటినుంచో ఉంది.

స్పీడు మీటరు చిన్నది. బస్సుల డిపో నుంచి పాత బస్సు మీటరు తెప్పించి బిగించాం. పళ్ళెమంత ఉంది, ఇప్పుడు ముల్లు స్పష్టంగా తెలుస్తోంది. పక్క అద్దాలు కూడా లారీవి. బండికి చెవులొచ్చినట్టుంది. గాంభీర్యం పెరిగింది.

ఆదివారం

అబ్బాయి బహుమతి! ఇంజను దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టించాడు. దానితో ఇంజను ఒక వేగం దాటదట.

"ఎంత దాటదు?"

"నీకు సరిపోయేంత నాన్నా. ఇంజను ఆయుష్షు పెరుగుతుంది."

నా ఇంజను ఆయుష్షు గురించి నాకన్నా వాడే ఎక్కువ ఆలోచిస్తున్నాడు. సరేబాబు వీధిలో ఒక చుట్టు తిప్పాడు, నేను పక్కన కూర్చున్నాను. ఒక సైకిలాయన మమ్మల్ని దాటిపోతూ వెనక్కి తిరిగి చూశాడు. అంత అందంగా ఉంటే ఎవడు చూడడు!

బుధవారం

ఈ రోజు అమ్మాయి వంతు. పాత సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. అమ్మాయి ఆసుపత్రిలోవాళ్ళు చేసే ఎత్తు సీటు తెప్పించింది. నడుముకు ఆసరా, మెడకు ఆసరా, కూర్చుని గిర్రున తిరిగి కాళ్ళు బయట పెట్టుకునే ఏర్పాటు. రాజుగారి గద్దె!

"నాన్నా, ఇందులోంచి దిగడం ఎంత సులువో చూడు," అంది.

"ఎక్కడం కూడా సులువేగా అమ్మా?"

"అదీ సులువే. కానీ దిగడమే ముఖ్యం నాన్నా."

ఒక్క చిక్కొచ్చింది. కూర్చుంటే నా తల ముందు అద్దానికి పైన ఉంటోంది. టాపు వేస్తే తలకు తగులుతుంది. పరవాలేదు, టాపు ఎలాగూ దించే నడుపుతాం గదా.

శుక్రవారం

అల్లుడు గారు! ఆయన చేయించింది రాయాలంటే ఒక పేజీ చాలదు, అంత పని చేయించారు.

సీట్లకు బెల్టులు. సీట్ల చుట్టూ ఇనప కమ్ములు, పసుపు నలుపు చారలతో. నాలుగు వైపులా మెరిసే స్టిక్కర్లు. వెనక ఎర్ర దీపం, గిరగిరా తిరుగుతుంది. వెనక్కి పోనిస్తే బీప్ బీప్‌మని మోగే పరికరం. అది ముందుకు పోనిచ్చినా మోగుతోంది. పాడైందేమో అనుకున్నాను.

"కావాలనే పెట్టించాను మామయ్య గారూ. వెనక్కి వెళ్ళడం కన్నా ముందుకు వెళ్ళడమే ప్రమాదం. మనుషులు ఎక్కువగా వెళ్ళేది అటే."

ఆలోచిస్తే నిజమే.

కమ్ముల మీద ఇనప కప్పు కూడా వేయించారు. శాశ్వతంగా. కొత్తగా కుట్టించిన గుడ్డ టాపు మడిచి అటక మీద పెట్టారు. ఇది రాయడానికి కాస్త ఆలస్యం చేశాను. ఇనప కప్పయితే వానలో కూడా వెళ్ళొచ్చు. ఆ సౌకర్యం ఉంది.

శనివారం

ఇనప కప్పు వేశాక, అమ్మాయి తెప్పించిన సీట్లో కూర్చోబోతే నా తల కప్పుకు కొట్టుకుంది. సరేబాబును పిలిచి ఏం చేద్దామన్నాను. అమ్మాయి సీటు దించొద్దన్నది. అల్లుడు గారు కప్పు తీయొద్దన్నారు. ఇద్దరికీ సరే అన్నాడు. సాయంత్రానికి నా తల మీదుగా కప్పుకు గుండ్రంగా కంత కోశాడు.

"ఆకాశం కావాలన్నారుగా బాబాయ్. తలకు సరిపడా ఉంచాను."

చూశారా, ఎవరి మాటా తీసేయలేదు! కూర్చుంటే తల పైకి వస్తుంది. చూపు దూరం పోతుంది. ఓడలో కెప్టెనులాగా. మా ఆవిడ పెరట్లోంచి నన్ను ఆ కంతలో చూసి, ఆరేస్తున్న దుప్పటి వదిలేసి లోపలికి పరుగెత్తింది. లోపల్నుంచి దగ్గు వినపడింది. దగ్గో నవ్వో చాలాసేపు ఆగలేదు.

సోమవారం

కంతలోంచి చూసినా సందు చివర మసగ్గానే ఉంది. ఈ కాలం గాలి శుభ్రంగా ఉండటం లేదు. ఇంకో వరస లైట్లు.

మంగళవారం

ఇన్ని లైట్లకు పాత బ్యాటరీ చాలదట. పెద్దది కావాలట, లారీది. పెట్టడానికి చోటు లేదు. డిక్కీలో మంటలార్పే సిలిండరు ఉంది, అది అల్లుడు గారిది, కదపకూడదు.

అబ్బాయి ఫోనులో సరేబాబుకు ఏదో చెప్పాడు. సరేబాబు సరే అన్నాడు.

పక్క సీటు విప్పేసి అక్కడ బ్యాటరీ బిగించారు. తాత్కాలికంగా. ఇంకా మంచి చోటు దొరికేదాకా. సీటు పెరట్లో చూరు కింద పెట్టాను, వాన తగలకుండా. ఆవిడకు ఇంకా చెప్పలేదు. తాత్కాలికమైనవాటికి చెప్పడం ఎందుకు.

గురువారం

లైట్లు బ్రహ్మాండం.

శనివారం

పొద్దున పదింటికి షెడ్డులో బండి తుడుస్తున్నాను. మా ఆవిడ వచ్చింది. తలకు రుమాలు కట్టుకుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది! ఎప్పుడు కొనుక్కుందో, నాకు తెలియనే తెలియదు. పెళ్ళి చూపుల్లో కూడా నా గుండె అంత కొట్టుకోలేదు.

"పదండి మరి. లైట్‌హౌస్ అన్నారుగా. ఎండ ముదరకముందే పోదాం," అని అటువైపు వెళ్ళి తలుపు తీసింది.

తీసి అలాగే నిలబడింది.

"నా సీటేదండీ?"

"పెరట్లో ఉంది. తాత్కాలికంగా."

"ఇదేమిటి?"

"బ్యాటరీ."

"నాకన్నా బ్యాటరీ కావాల్సి వచ్చిందా?"

"అదికాదే, లైట్లకు..."

"అన్ని లైట్లెందుకు?"

"రోడ్డు కనపడాలిగా."

"పొద్దున పదింటికి రోడ్డు కనపడకపోవడమేమిటి?"

ఆవిడ నల్లద్దాలు తీసి, వేలితో ప్రహరీ గోడ వైపు చూపించింది.

"ఆ గోడ మీద ఏముంది?"

"పిల్లి," అన్నాను. "ఎదురింటివాళ్ళ తెల్ల పిల్లి. ముడుచుకుని పడుకుంది."

"అది అల్లుడు గారు మరిచిపోయి వెళ్ళిన హెల్మెట్టు."

ఆవిడ వెళ్ళి దాన్ని తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది. "మీకు కళ్ళు ఆనడం లేదండీ. ఇంట్లో అందరికీ తెలుసు. మీ ముఖం మీద చెప్పలేక, ఎవరికి వాళ్ళు వెళ్ళి ఆ సరేబాబుకు చెప్పుకుంటున్నారు. మీరు కదలకుండా ఉండాలని బండిని బాగు చేయిస్తున్నారు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"రంగు ఎంచినప్పుడే చెప్పబోయాను, చూశాలేవే అన్నారు. ఇవాళ బండి కదిలేలోపు చెబుదామనే వచ్చాను."

ఆదివారం

పిల్లి లాగే ఉంది.

సోమవారం

ఏం లేదు రాయడానికి.

బుధవారం

బండి దగ్గరికి వెళ్ళలేదు. పెరట్లోకి వెళ్ళాను. పక్క సీటు ఉంది చూరు కింద. దాని మీద కాసేపు కూర్చున్నాను. మెత్తగా ఉంది. మా ఆవిడ బయటికి వచ్చి చూసి, టీ గ్లాసు నా పక్కన పెట్టి పోయింది. రుమాలు కట్టుకున్న ఆ తల గుర్తొస్తోంది. నల్ల కళ్ళద్దాలతో ఆవిడ ఎలా ఉందో నిజానికి నాకు సరిగ్గా తెలియదు. నల్లగా రెండు ఉన్నాయని తెలిసింది, అంతే. ముఖం నేను ఊహించుకున్నాను.

ఊహించుకున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడికి పోతాను!

సాయంత్రం అబ్బాయికి ఫోను చేశాను. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరా అన్నాను. వాడు, "అమ్మ చెప్పేసిందా? హమ్మయ్య," అన్నాడు. అటు పక్కనుంచి అమ్మాయి గొంతు వినపడింది, "చెప్పేశావా అన్నయ్యా?" అని. "మరి నేను పెట్టించిన బ్రేకు లాకు తీసేయమందామా?" అని అల్లుడు గారి గొంతు. ఆ లాకు సంగతి నాకు తెలియనే తెలియదు!

శుక్రవారం

కంటి డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. ఏదేదో వెలిగించి చూసింది.

"ఎప్పటినుంచి ఇలా ఉంది తాతగారూ?"

"బల్బులు నాసిరకం రావడం మొదలైనప్పటినుంచి."

ఆవిడకు నవ్వొచ్చింది. రెండు కళ్ళకూ శుక్లాలు బాగా ముదిరాయట. ఒకదాని తర్వాత ఒకటి తీసేస్తే సరిపోతుందట. "ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు?" అంది. బండి పని ఉండి తీరిక దొరకలేదన్నాను. అబ్బాయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

గురువారం

ఒక కంటి ఆపరేషను అయింది. మందులు వేస్తున్నారు. రాయొద్దన్నారు. రాయడం లేదు.

మంగళవారం

కట్టు విప్పి రెండు రోజులైంది. ఈ పేజీ ఎంత తెల్లగా ఉందో! ఇన్నాళ్ళూ చౌకరకం కాగితమనుకుని దుకాణంవాణ్ణి తిట్టుకున్నాను. పేపర్లో అక్షరాలకు మళ్ళీ సిరా పోశారు. ఎదురింటి నల్ల తెరలు కూడా చూశాను. దుఃఖంలో ఉన్న ఇల్లులా ఉంది పాపం. వెళ్ళి క్షమించమని అడిగి వచ్చాను.

తర్వాత షెడ్డు తలుపు తీశాను.

వెంటనే మూసేశాను.

మళ్ళీ తీశాను. అలాగే ఉంది. వానకు ముందు మబ్బు రంగు అని నేను వేయించింది, అది రంగు కాదు, కేక. నీలమే, కానీ కరెంటు పెట్టిన నీలం. దాని మీద పసుపు నలుపు చారలు. మూడు వరసల లైట్లు. ఏనుగు చెవులు. కప్పుకు కంత. నా పెళ్ళిలో బ్యాండుమేళం వాళ్ళ బండి కూడా ఇంతకన్నా నెమ్మదిగా ఉండేది.

నవ్వొచ్చింది. షెడ్డులో కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. అప్పుడు ఒక్కొక్కటే లెక్కకు వచ్చింది. వేగం తగ్గించే పెట్టె, దిగడానికి సులువైన సీటు, ముందుకు వెళ్ళినా మోగే బీపు. నా ఇద్దరు పిల్లలూ అల్లుడు గారూ, ఎవరికి తోచింది వాళ్ళు చేయిస్తూనే, ఒకే మాట మీద నిలబడి, నన్ను ఆపాలని ఎంత పాటుపడ్డారు! ఇల్లు కట్టినప్పుడు గోడకు సున్నం ఏ రంగు వేయాలో తేల్చుకోలేక సంవత్సరం కొట్టుకున్న పిల్లలు వీళ్ళు. ఇంత కలసికట్టుగా ఒక పని చేస్తారని కల కూడా కనలేదు. కోపం రావాలేమో. రాలేదు. ఎంత ప్రయత్నించినా సంతోషమే వస్తోంది!

శనివారం

రెండో కన్ను కూడా అయి నెల దాటింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, నడపొచ్చు అని అబ్బాయి చేతిలో కాగితం పెట్టింది. వాడు దాన్ని చదివిన తీరు చూడాలి! ఇన్సూరెన్సువాళ్ళు కాగితాన్ని అలాగే చదువుతారు, ఎక్కడైనా తప్పించుకునే దారి ఉందేమోనని. లేదు.

ఆదివారం

అందరూ వచ్చారు. సరేబాబునూ పిలిపించాను. మొత్తం విప్పెయ్యమన్నాను. అబ్బాయి అన్నాడు, వేగం పెట్టె మాత్రం ఉంచమని. సరేబాబు ఇద్దరికీ సరే అన్నాడు. అందరం మా ఆవిడ వైపు తిరిగాం.

"మేం వెళ్ళేది సముద్రం చూడటానికిరా, శవయాత్రకు కాదు," అంది. "తీసెయ్ బాబూ."

"సరేనమ్మా."

"కొత్త బ్రేకులు ఉంచు, కొత్త టైర్లు ఉంచు, బెల్టులు ఉంచు. ఆ గుడ్డ టాపు అటక మీంచి దింపు. పక్క సీటు తెచ్చి బిగించు. నా ముందరే బిగించు."

"సరే."

"రంగు?" అన్నాను.

అందరూ నేల చూపులు చూశారు.

"రంగు ఉండనీండి," అంది. "లైట్‌హౌస్ వాళ్ళకు దారి కనపడుతుంది."

అల్లుడు గారు మాత్రం చాలాసేపు కమ్ముల పక్కన నిలబడ్డారు. చివరికి హెల్మెట్టు తెచ్చి అత్తగారికి ఇవ్వబోయారు. ఆవిడ దాన్ని అందుకుని, అందులో కూరగాయలు పోసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

బుధవారం

వెళ్ళొచ్చాం!!!

టాపు దించాను. రుమాలు, నల్లద్దాలు. ఈసారి అద్దాల వెనక ముఖం కూడా చూశాను. కళ్ళ పక్కన గీతలున్నాయి, చాలా ఉన్నాయి. ఎప్పుడొచ్చాయో, నేను చూడకుండానే వచ్చేశాయి.

సందు దాటాం, బజారు దాటాం. సైకిళ్ళవాళ్ళను దాటాం! మలుపు తిరగ్గానే సముద్రం. నీలం! మా బండి నీలమేం ఎక్కువ కాదనిపించింది. ఇంజను ఎత్తుకుంది. గాలి ముఖాన కొట్టింది. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇన్నేళ్ళు నేను కోరుకున్నది అదే గదా, పక్కన కూర్చుని మాట్లాడాలని. మాట్లాడింది. చేతులు తిప్పుతూ, మధ్యలో నవ్వుతూ, ఒకసారి కళ్ళు తుడుచుకుని, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. కానీ టాపు లేని బండిలో గాలి హోరు ఎంత ఉంటుందో నాకెవరూ చెప్పలేదు. సైలెన్సరు గొంతు ఒకటి. ఒక్క ముక్క వినపడలేదు. ఆపమంటే మాట ఆపేస్తుందేమోనని భయం. అందుకని తల ఊపాను. ఆవిడ అడిగినట్టు నా వైపు చూసినప్పుడల్లా ఇంకా గట్టిగా ఊపాను.

లైట్‌హౌస్ కింద రాళ్ళ మీద కూర్చుని టీ తాగాం. అక్కడ గాలి లేదు, నిశ్శబ్దంగా ఉంది. ఆవిడేమీ మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా దారిలో చెప్పేసినట్టుంది. వచ్చేటప్పుడూ అంతే, హోరు, నా తల ఊపడం.

ఇంటికొచ్చి దిగుతూ, "మాట తప్పరుగా?" అంది.

"తప్పుతానా!" అన్నాను. దేనికో తెలియదు.

గురువారం

పొద్దున ఆరింటికి లేపింది. షెడ్డులోకి వెళ్ళేసరికి డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. కింద దిండు వేసుకుంది. రెండు చేతులూ స్టీరింగు మీద.

"ఎక్కండి. నిన్న ఒప్పుకున్నారుగా, నేర్పుతానని. తలకాయ ఊడిపోయేలా ఊపారు."

ఎక్కాను. పక్క సీట్లో. క్లచ్చు ఏదో, బ్రేకు ఏదో ముందే చెప్పించుకుంది. ఇక కదిలాక నేను నోరెత్తకూడదట, గాభరా పడుతుందట.

షెడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు ఆగిపోయింది, ఒకసారి కుప్పిగంతు వేసింది. వీధిలోకి వచ్చాం. నడక కన్నా నిదానం. గాలి లేదు, హోరు లేదు. ఆవిడ పెదవి కొరుక్కుంటూ, రోడ్డును కళ్ళతో పట్టి లాగుతున్నట్టు చూస్తోంది. చెవి పక్కన తెల్ల వెంట్రుకలు రెండు రుమాల్లోంచి బయటపడ్డాయి. నేను పక్కకు తిరిగి ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి ఈ వీలుండదు.

"నన్నేం చూస్తారు? రోడ్డు చూడండి," అంది.

రోడ్డు చూడాల్సింది నువ్వు గదా అనబోయి, నోరెత్తకూడదని గుర్తొచ్చి, చూస్తూనే ఉన్నాను.